ఉప్పు కాగితం

దమియెట్టాలో మా సందు పొద్దున్నే తుమ్ముతుంది.
ముందు ఎదురు కొట్లో రంపం, తరవాత మేం.

రొమేనియాలో అడవి ఒకటి ఓడెక్కి వచ్చి
మా గుమ్మంలో పలకలు పలకలుగా పడుంటుంది.
ఉస్తా రిజ్క్ వేలి కణుపుతో తట్టి వింటాడు,
కుండ కొనేవాడిలా.
పనికిరానిదాన్ని తిట్టడు, పక్కన పెడతాడు.
"దీనికింకా చలి వదల్లేదు" అంటాడు, అంతే.

ఆయనది ఉలి, వహ్దాన్‌ది చిత్రిక,
నాది ఉప్పు కాగితం.
నా వంతు ఎప్పుడూ చివరిది.
అందరి తప్పులూ నా అరచేతి కిందికే రావాలి.

కుర్చీ వీపు తడిమితే తెలుస్తుంది:
ఇక్కడ వహ్దాన్‌కి ఆకలేసింది,
ఇక్కడ ఎవరో పిలిస్తే తిరిగి చూశాడు.
ఈ గులాబీ రేకు దగ్గర
ఉస్తాకి మోకాలు సలిపింది.
ఎవరికీ చెప్పను.
ఎనభై నంబరుతో ఒకసారి, నూట ఇరవైతో రెండుసార్లు,
రెండొందల నలభైతో
నిద్రపోయే బిడ్డ వీపు నిమిరినట్టు.
తరవాత బంగారు పూతవాళ్ళొచ్చి
మా ముగ్గురినీ కప్పేస్తారు.
ఏ పెళ్ళికూతురో వచ్చి మా మీద కూర్చుంటుంది.

పదకొండేళ్ళు.

మొన్న గుర్తింపు కార్డు మార్చుకుందామని వెళ్తే
గాజుపలక మీద బొటనవేలు పెట్టమన్నాడు.
పెట్టాను.
నొక్కమన్నాడు.
తుడిచి పెట్టమన్నాడు. ఊది పెట్టమన్నాడు.
మిగతా తొమ్మిదీ ఒక్కొక్కటే అడిగాడు,
సంతలో బెండకాయల కొసలు విరిచి చూసినట్టు.
తెర మీద తెల్లటి మచ్చ.
"ఇన్షిరాహ్, నీకు వేళ్ళున్నాయి గానీ గీతల్లేవు"
నవ్వబోయి ఆగాడు.
నేను వాడి కుర్చీ కాళ్ళు చూస్తున్నాను.
నాసిరకం. మేకులతో కొట్టినవి.
మా సందువి కావు.
అంత అవమానంలోనూ అదొక ఊరట.

సంగతి విని ఉస్తా
గూట్లోంచి గుడ్డలో చుట్టిన ఉలి తీశాడు.
అరంగుళానిది. పిడి నల్లబడి, ఎవరి గుప్పిటో మిగిలిపోయిన ఆకారం.
"పది రోజులు కాగితం ముట్టుకోకు.
గీతలు మొలుస్తాయి, గడ్డి లాంటివే అవీ.
ఊరికే కూర్చుంటే తిన్నదరగదు. ఇది పట్టు."
వహ్దాన్ మొహం మాడింది.
ఉప్పు కాగితం వాడి చేతికెళ్ళింది.

సాన మీదే రెండు రోజులు గడిచాయి.
పదును వచ్చిందా అని ముంజేతి నూగునడిగాను.
మూడో రోజు బెజ్జం.
కలపకి ఒక నడక ఉంది.
ఇన్నేళ్ళూ దాని వెంటే జారినదాన్ని
ఇప్పుడు అడ్డం తిరిగాను.
అది ఒప్పుకోలేదు.
మొదటి నాలుగూ పొయ్యిలోకి.
ఐదోది వంకర. ఆరోది లోతు చాలలేదు,
నా వేలు మాత్రం చాలింది, రక్తం పొట్టులో ఇంకింది.
ఏడోదాంట్లో
కాలి కొసన చెక్కిన నాలుక సగం దూరి
బిర్రుగా ఆగిపోయింది.
ఉస్తా చెక్క సుత్తితో ఒక్కటిచ్చాడు.
చప్పుడు మారింది.
రెండు కొయ్యలు కొట్టుకుంటున్న చప్పుడు కాదది,
ఒక్క కొయ్యదే.

ఓ పక్కన వెంట్రుక పట్టేంత ఖాళీ.
ఆయన చూశాడు. నేనూ చూశాను.
"మొదటిది" అన్నాడు.
అది నాకు మెచ్చుకోలో, క్షమాపణో ఇప్పటికీ తెలీదు.

ఆ కుర్చీని వహ్దాన్ సాయంత్రం దాకా రుద్దాడు.
ఆ ఖాళీ దగ్గర వాడి అరచెయ్యి ఆగింది.
నా వైపు చూశాడు.
వాడూ ఎవరికీ చెప్పలేదు.

పదకొండో రోజు మళ్ళీ ఆఫీసు.
గుడ్డ విప్పి బొటనవేలు గాజు మీద పెట్టాను.
గీతలొచ్చాయి, నిజమే,
సన్నగా, బీచ్ పలక మీద చారల్లా.
వాటికడ్డంగా, దర్జాగా పడుకుని
ఉలి గాటు.
కుర్రాడు తెర చూశాడు, వేలు చూశాడు.
"మానాక రామ్మా."
వెనక్కి వాలాడు. కుర్చీ కిర్రుమంది.

"దాన్ని మా కొట్టుకి పట్రా" అన్నాను.
"ఏ సందు?"
"తుమ్ములు వినబడే సందు."